నల్లకాళ్ళ పిల్ల

మూడు రోజుల తర్వాత ఫారానికి తిరిగొచ్చేసరికి, నేను ఎర్రగా వదిలి వెళ్ళిన గుర్రప్పిల్లకి నాలుగు కాళ్ళూ నల్లబడి ఉన్నాయి.

కాళ్ళే కాదు. జూలు నలుపు. కుచ్చులాంటి తోక నలుపు. చెవుల అంచుల వెంట కాటుక దిద్దినట్టు సన్నటి గీత. ఒళ్ళు మాత్రం కాలిన ఇటుక రంగులో ఎప్పటిలాగే ఉంది.

సంచి భుజాన ఉండగానే గది తలుపు పట్టుకుని నిలబడిపోయాను. పశువుల ఆసుపత్రిలో కడుపునొప్పి గుర్రాన్ని నడిపిస్తూ మూడు రోజులుగా సరిగ్గా కునుకు లేదు. కళ్ళే మోసం చేస్తున్నాయేమో అనుకున్నాను. కానీ పిల్ల మిరప పొదుగులో మూతి పెట్టి పాలు తాగుతోంది. మిరప దాని తల్లి. వేరే పిల్ల దగ్గరికొస్తే తన్ని గోడకి కొట్టే రకం. సందేహం లేదు, ఇది మిరప కన్నపిల్లే. ఇరవై రెండు రోజుల క్రితం నా చేతుల్లోకి జారిపడ్డ పిల్లే.

"ఏంటి వదినా, సొంత పిల్లనే గుర్తుపట్టలేకపోతున్నావా?"

వెనక మా చెల్లెలి మొగుడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెరిసే బూట్లు. పేడ తొక్కకుండా గుర్రపుశాల ఈ కొస నుంచి ఆ కొసకి నడవగలిగిన మనిషి మా ఇంట్లో ఇతనొక్కడే.

"పిల్లకి ఏం చేశావు?" అన్నాను.

"నేనా? నేను ఆఫీసులో కూర్చుని అమ్మకాలు చూసుకునేవాణ్ణి. జతలు కట్టించేదీ నువ్వే, పురుళ్ళు పోసేదీ నువ్వే. ఎర్ర తల్లికీ ఎర్ర తండ్రికీ నల్లకాళ్ళ పిల్ల ఎలా పుట్టిందో నువ్వే చెప్పాలి. పదిన్నరకి గుర్రాల రిజిస్ట్రీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆయనకి చెబుదువుగాని."

"ఆయన వచ్చే నెల కదా రావాల్సింది."

"నేనే ముందుకి జరిపించాను. ఒంటిగంటకి లారీ వస్తోంది మరి."

సంచి కింద పెట్టాను. నన్ను ఆసుపత్రికి ఎందుకంత ఆదరాబాదరాగా తరిమారో, ఆసుపత్రిలో ఉన్న మూడు రోజులూ ఇంటి నుంచి ఒక్క ఫోనూ ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది.

మా ఫారంలో నలభై ఏళ్ళుగా ఒకటే రంగు. ఎరుపు. ఒళ్ళూ ఎరుపే, జూలూ ఎరుపే, తోకా ఎరుపే. మా నాన్న ఎరుపు మీద మోజుతో అలా పెట్టుకోలేదు. రెండు ఎర్ర గుర్రాలకి ఎర్ర పిల్లే పుడుతుంది, ఇంకో రంగు పుట్టదు. దొంగచాటుగా ఏ నల్ల జూలు గుర్రమో కలిస్తే పిల్ల రంగే ఊరంతా చాటేస్తుంది. ఆయన వేసుకున్న తాళం అది. తాళం వేసుకున్నాక నిశ్చింతగా కాళ్ళనీ ఊపిరినీ చూసి గుర్రాల్ని ఎంచేవాడు. ఆయన పోయాక ఆ పని నాది. ఫారం మాత్రం మా అమ్మ పేరున ఉంది.

మా మరిదికి కాళ్ళతో పని లేదు. కొనేవాడు ముందు రంగు చూస్తాడు, ఫొటోలో కనిపించేది రంగే, ఊపిరి కాదు అంటాడు. అంతవరకూ అతని మాటలో అబద్ధమేమీ లేదు. పోయిన ఏడాది ఒక పార్టీని పట్టాడు. వాళ్ళ దగ్గర పాల రంగు ఆడగుర్రాలు నూట యాభై దాకా ఉన్నాయి. పాల రంగుని ఎర్ర గుర్రంతో కలిపితే పుట్టే ప్రతి పిల్లా బంగారు రంగులో ఉంటుంది. ఒక్కటీ తప్పదు. దానికి వాళ్ళకో అచ్చమైన ఎర్ర మగగుర్రం కావాలి. వాళ్ళు అడిగింది కుంపటిని.

కుంపటి మా నాన్న ఎంచిన ఆఖరి మగగుర్రం. పదిహేడేళ్ళు. ఏడాదికి పన్నెండు జతలకి మించి కట్టించను. పన్నెండో జతకే వారం రోజులు తలొంచుకుని నిలబడుతుంది. దాన్ని ఒక్క ఎద కాలంలో నూట యాభై గుర్రాల మీదకి తోలితే రెండో ఏడాది చూడదు. వాళ్ళకి రెండో ఏడాది అక్కర్లేదు కూడా. ఇంకో ఎర్రదాన్ని కొనుక్కుంటారు.

అమ్మ సరేనంది. కానీ ఫారం నుంచి గుర్రం కదలాలంటే కాగితం మీద రెండు సంతకాలుండాలి. యజమానిది ఒకటి, లైసెన్సు ఉన్న సంరక్షకురాలిది ఒకటి. ఆ రెండోది నేను. ఏడాదిగా పెట్టడం లేదు.

నా లైసెన్సు ఆగిపోతే యజమాని సంతకం ఒక్కటే చాలు. జతల పుస్తకంలో దొంగ రాత రాశానని తేలితే లైసెన్సు అక్కడికక్కడే ఆగిపోతుంది. ఒంటిగంటకి వచ్చే లారీ కుంపటి కోసమే.

"రంగు వేశారు," అన్నాను.

"ఆ మాట జాగ్రత్తగా అను వదినా," అన్నాడు. "అంటే రుజువు చెయ్యాలి."

ఇన్‌స్పెక్టరు పదిన్నరకి ముందే వచ్చాడు. అరవైకి దగ్గర పడుతున్న మనిషి. కడుపులో పుండున్నవాడిలా ముఖం ముడుచుకుని కారు దిగాడు. టీ అంటే వద్దన్నాడు, కుర్చీ అంటే వద్దన్నాడు. అట్టకి పెట్టిన కాగితం తీశాడు. దాని మీద గుర్రం బొమ్మ గీతల్లో అచ్చేసి ఉంది. కుడివైపు, ఎడమవైపు, ముందు, వెనక. జేబులో ఎర్ర పెన్నూ నల్ల పెన్నూ.

అమ్మ చేతికర్ర ఆనించుకుని శాల మధ్యలో బల్ల మీద కూర్చుంది. పక్కన మా చెల్లెలు. చెల్లెలు శాలలోకి రావడం అపురూపం. బజారులో బ్యూటీ పార్లర్ నడుపుతుంది. గుర్రాల వాసన తలకి పట్టుకుంటే కస్టమర్లు రారని ఇటు తొంగి చూడదు. ఈరోజు వచ్చింది. నా వైపు మాత్రం చూడలేదు.

"తల్లి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మిరప. ఎరుపు," అన్నాను.

"తండ్రి?"

"కుంపటి. ఎరుపు."

"పిల్ల?"

"ఎరుపు."

ఆయన పిల్ల వైపు చూశాడు. నా వైపు చూశాడు. "కళ్ళజోడు మర్చిపోయారా అమ్మా?"

మా మరిది ముసిముసిగా నవ్వాడు.

"నేను వెళ్ళేటప్పటికి ఎరుపు," అన్నాను. "ఈ మూడు రోజుల్లో రంగు వేశారు. పుట్టినరోజున రాసిన పుస్తకం ఉంది, చూడండి. ఫోన్‌లో ఫొటోలున్నాయి."

ఫొటో చూపించాను. ఆయన చూసేలోపు మా మరిది మెడ చాచాడు. "సార్, ఈ ఏడాది మా ఫారంలో మిరప పిల్ల కాకుండా ఇంకో పదకొండు పుట్టాయి. పదకొండూ ఎరుపే. ఒక్కదానికీ తెల్లమచ్చ లేదు. ఆ ఫొటోలో ఉన్నది ఎవరి పిల్లో దేవుడికి తెలియాలి. పుస్తకం రాసేదేమో మా వదినగారే. ఆవిడ రాసింది ఆవిడకే సాక్ష్యమా?"

"పనివాడు చూశాడు. అడగండి."

"ఎవర్ని అడుగుతారు వదినా? ఈ వరస గదులు చూసేవాడు మొన్నే సెలవు మీద వెళ్ళాడు."

"నువ్వే పంపావు."

"వాళ్ళావిడకి బాగోలేదంటే మనిషన్నవాడు పంపడా?"

ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. "మీ ఇంటి తగువు మీరు తర్వాత తేల్చుకోండి. రక్తం తీసుకెళ్తాను. తండ్రెవరో నలభై రోజుల్లో రిపోర్టు వస్తుంది."

"లారీ ఒంటిగంటకి వస్తోంది," అన్నాను.

"అది నా కాగితంలో లేదు."

మా మరిది ఒక గుడ్డ బకెట్టులో ముంచి, పిండి, నా ముఖానికెదురుగా పట్టాడు. "రంగన్నారుగా. రుద్దండి. అందరూ చూస్తుండగా రుద్దండి."

తీసుకున్నాను. మిరప చెవులు వెనక్కి పెట్టింది. మెడ మీద చెయ్యి వేసి ఆగమన్నాను, ఆగింది. పిల్ల ముందరి కాలు పట్టుకుని మోకాలి కింద గట్టిగా రుద్దాను. మళ్ళీ రుద్దాను. గుడ్డ మీద దుమ్ము తప్ప ఏమీ రాలేదు. తోక రుద్దాను. ఏమీ రాలేదు.

"సబ్బు కూడా తెప్పించమంటారా?" అన్నాడు మా మరిది. "కిరసనాయిలు?"

"క్లిప్పరు తెప్పించు," అన్నాను. "వెంట్రుకల కుదుళ్ళ దాకా కత్తిరిస్తే అడుగున ఏ రంగుందో కనిపిస్తుంది."

"అది కుదరదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "రంగూ సుడులూ నమోదు చేసేదాకా ఒక్క వెంట్రుక కత్తిరించడానికి వీల్లేదు. రూలు."

మా మరిది చేతులు కట్టుకున్నాడు. రూలు చదువుకునే వచ్చాడు.

ఇన్‌స్పెక్టరు నల్ల పెన్ను మూత తీశాడు. బొమ్మలో జూలు నింపాడు. తోక నింపాడు. కాళ్ళ దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగింది. పిల్ల కాళ్ళ వైపు చాలాసేపు చూశాడు. వంగి, మోకాలి చిప్ప మీద వేలితో ఒకసారి నిమిరాడు. లేచాడు.

"పుట్టిన రోజున రంగు ఏమిటి?" అన్నాడు. "ఇక్కడ ఒక గడి ఉంది. చూసినవాళ్ళెవరు?"

"నేను," అన్నాను. "ఎరుపు."

"నేనూ చూశాను," అన్నాడు మా మరిది. "తెల్లారేసరికి వచ్చి చూశాను. ఇదిగో ఇలాగే ఉంది. ఒళ్ళు ఎరుపు, జూలు నలుపు."

"కాళ్ళు?"

"కాళ్ళూ అంతే."

ఇన్‌స్పెక్టరు మళ్ళీ పిల్ల కాళ్ళ వైపు చూశాడు. ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో నాకు తెలిసిపోయింది. అంతవరకూ నల్లబడిన కాళ్ళని చూసి మండిపడ్డానే గానీ, సరిగ్గా చూడలేదు. ఇప్పుడు చూశాను. గిట్ట నుంచి మోకాలి పైదాకా నాలుగు కాళ్ళూ తారు పూసినట్టు నున్నగా నల్లగా ఉన్నాయి. పార్లర్ గోడ మీద అంటించుకోవచ్చు, అంత బాగున్నాయి.

కోపం పోలేదు, గడ్డకట్టింది.

"మరిదిగారూ," అన్నాను మెల్లగా. "కాళ్ళు పుట్టినప్పుడు కాస్త పాలిపోయి ఉన్నాయేమో. తర్వాత నల్లబడ్డాయేమో."

నేను జారుకునే దారి వెతుక్కుంటున్నానని అతననుకున్నాడు. "ఏం పాలిపోలేదు. మొదటిరోజు నుంచీ బొగ్గులా ఉన్నాయి."

"తెల్లారి వెలుగులో సరిగ్గా కనిపించిందో లేదో."

"నా కళ్ళకేం రోగం లేదు వదినా. మోకాలి పైదాకా నలుపు. నాలుగు కాళ్ళూ. మొదటిరోజు నుంచీ."

"అదే రాసి సంతకం పెడతావా?"

"రెండు సంతకాలు పెడతాను."

ఇన్‌స్పెక్టరు అట్ట అతని ముందు పెట్టాడు. మా మరిది గడిలో మూడు వరుసలు రాసి, కింద గీత గీసి, సంతకం పెట్టాడు. రాత ఆరేదాకా ఇన్‌స్పెక్టరు అట్టని అలాగే పట్టుకున్నాడు.

"మీరేమైనా చెప్పాలా అమ్మా?" అన్నాడు.

"నల్లకాళ్ళ జాతి పిల్లకి పుట్టినప్పుడు కాళ్ళు నల్లగా ఉండవు," అన్నాను. "మట్టి రంగులో, బూడిద రంగులో ఉంటాయి. మూడు నాలుగు నెలలకి పుట్టు వెంట్రుకలు ఊడి కొత్తవి వచ్చాకే నలుపు తేలుతుంది. ఇరవై రెండు రోజుల పిల్లకి ఈ కాళ్ళుండవు. ఇవి పెద్ద గుర్రం కాళ్ళు. ఎవరో పెద్ద గుర్రం ఫొటో ముందు పెట్టుకుని వేశారు."

మా మరిది తిరిగి మా చెల్లెలి వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో నేను చదివాను, ఇన్‌స్పెక్టరూ చదివాడు. మా చెల్లెలు నేల వైపు చూస్తోంది.

"ఉండవని పుస్తకంలో రాసుందా?" అన్నాడు మా మరిది చివరికి. గొంతు ఒక మెట్టు దిగింది. "ఒక్కో గుర్రం ఒక్కోలా పుడుతుంది."

"ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను చూడలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇందాక తలుపు దగ్గరే అనుమానం వచ్చింది. కానీ అనుమానం రాయడానికి గడి లేదు. సంరక్షకురాలు రాతలో అభ్యంతరం పెడితేనే నాకు కత్తిరించే అధికారం వస్తుంది." నా వైపు తిరిగాడు. "పెట్టేముందు ఒక మాట వినండి. కత్తిరించాక అడుగున ఎరుపు తేలితే, పిల్లకి రంగు వేసి రిజిస్ట్రీని మోసం చెయ్యబోయారని రాయాలి. వేసినవాడెవడని మా ఆఫీసు అడగదు. ఫారం మొత్తానికి ఏడాది నిషేధం. ఈ ఏడాది పుట్టిన పిల్లల్లో ఒక్కదానికీ కాగితాలు రావు. పదకొండన్నారు కదా. ఆ పదకొండూ ఇదీ కలిపి, అన్నీ ఊరూ పేరూ లేని గుర్రాలే."

"పెట్టకపోతే?"

"నాకు కనిపించింది కనిపించినట్టు రాసుకుంటాను. తండ్రి తేలలేదని ఈ పిల్ల ఒక్కదానికే కాగితం ఆగుతుంది. మీ లైసెన్సు రిపోర్టు వచ్చేదాకా నిలిపేస్తాను. మిగతా పదకొండుకీ ఈరోజే ముద్ర వేసిస్తాను." వాచీ చూసుకున్నాడు. "పది నిమిషాలు తీసుకోండి. కారులో కూర్చుంటాను."

ఆయన బయటికి నడిచాడు. బూట్ల చప్పుడు వాకిలి దాటి పోయింది.

"ఏమే," అంది అమ్మ.

నేను మిరప మెడ నిమురుతున్నాను.

"నిన్నే పెద్దదానా. ఆ కాగితం రాయకు."

"అమ్మా, వీళ్ళు పిల్లకి రంగు వేశారు."

"చెవుల్లేవా నాకు, విన్నాను. వీడి బుద్ధి గడ్డి తింది. ఆ సంగతి ఇంట్లో తేల్చుకుందాం. ఫారం పరువు తీసుకెళ్ళి ఆఫీసులో పెట్టకు."

"నన్ను దొంగని చేసినప్పుడు పరువు గుర్తు రాలేదా?"

"నలభై రోజులే కదే. రిపోర్టు వస్తుంది, నీ తప్పు లేదని తేలుతుంది, లైసెన్సు మళ్ళీ నీ చేతికొస్తుంది."

"అప్పటికి కుంపటి వెళ్ళిపోయి ఉంటుంది."

అమ్మ చేతికర్ర నేలకేసి తాటించింది. "వెళ్తే వెళ్తుంది. ముసలి గుర్రం కోసం పన్నెండు పిల్లల్ని తగలేస్తావా? మీ నాన్న ఉంటే చెంప పగలగొట్టేవాడు."

"నాన్న ఉంటే ఇతను గేటు దాటేవాడు కాదు."

"వదినా," అన్నాడు మా మరిది. అప్పటికి తేరుకున్నాడు. గోడకి ఆనుకుని, బూటు మీద పడ్డ గడ్డిపరక విదిల్చుకున్నాడు. "కోపం పక్కన పెట్టి లెక్క చూడు. నువ్వు రాస్తే నేను పోను. అల్లుణ్ణి. నన్నెవడూ సస్పెండ్ చెయ్యడు. పోయేది నువ్వు పురుడు పోసిన పిల్లల కాగితాలే. పిల్లలంటే ప్రాణమని చెప్పుకుంటావుగా, రాయి చూద్దాం."

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే నన్ను కోసింది. బయట గడ్డి మైదానంలో ఆ పదకొండూ కనిపిస్తున్నాయి. ఒకటి తల్లి కడుపు కింద దూరి అవతలికి వచ్చింది. ఇంకొకటి ఏమీ లేకుండానే బెదిరి గెంతింది. ఒక్కో తల్లి దగ్గర ఎన్నేసి రోజులు కాపలా పడుకున్నానో నాకు తెలుసు. కాగితం లేని గుర్రాన్ని పందేలవాళ్ళు కొనరు. బళ్ళకి కట్టేవాళ్ళు కొంటారు.

అటు చివరి గదిలో కుంపటి తలుపు మీదుగా మెడ చాచి, మా గొంతులు విని చెవులు తిప్పుతోంది.

"ఎన్ని నెలల నుంచి అనుకున్నారు?" అని చెల్లెల్ని అడిగాను.

చెల్లెలు కొంగు సర్దుకుంది.

"నిన్నే. అమ్మ కడుపున పుట్టినదానివే కదా, నోరుందా?"

"నన్నెందుకు లాగుతావక్కా," అంది. "నాకు గుర్రాల సంగతి తెలియదు."

"తెలియదని కాళ్ళు చూస్తేనే తెలుస్తోంది."

"చాలు," అంది అమ్మ. "ఆయన్ని పిలు. అభ్యంతరం లేదని చెప్పు. ఇది నా మాట. ఫారం నాది."

"నిషేధం పడితే ఏమేం ఆగుతాయో నీకు తెలుసా అమ్మా?"

"ఇప్పుడే చెప్పాడుగా. కాగితాలు."

"అది సగమే." మా మరిది వైపు తిరిగాను. "నువ్వు రూలు చదివావుగా. కింది పేరా కూడా చదివావా?"

అతని ముఖం చూస్తే చదవలేదని తెలిసింది. వెంట్రుకల రూలు దాకా చదివి ఆపేశాడు. లైసెన్సు పరీక్షకి ఆ పుస్తకం మొత్తం బట్టీ పట్టినదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే.

"ఏం పేరా?" అన్నాడు.

ఆఫీసు గదిలోకి వెళ్ళి తెల్లకాగితం తీసుకున్నాను. రెండో వాక్యం కొట్టేసి మళ్ళీ రాశాను. పదకొండు పిల్లల తల్లుల పేర్లు ఒక్కొక్కటే మనసులోకి వచ్చాయి. వాటికి నేను చేస్తున్నది అన్యాయమే. తెలిసే చేస్తున్నాను. సంతకం పెట్టి, అమ్మ ముందు నుంచే నడిచి వెళ్ళి కారు అద్దం మీద తట్టాను.

"పెద్దదానా," అంది అమ్మ వెనక నుంచి.

ఇన్‌స్పెక్టరు కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, కారు వెనక నుంచి క్లిప్పరు తీశాడు. చిన్నది, చప్పుడు తక్కువది. నేను మిరప తలకట్టు తాడు పట్టుకున్నాను. పిల్ల వణికింది గానీ నిలబడింది. ముందరి ఎడమ కాలు మీద అగ్గిపెట్టె అంత మేర ఆయన మెల్లగా దువ్వినట్టు కత్తిరించాడు. పైన నల్ల బొచ్చు రాలింది. అడుగున, చర్మానికి అంటుకున్న నూగు ఎర్రగా ఉంది. ఇటుక ఎరుపు.

ఇంకో కాలు. ఎరుపు. జూలు మొదట్లో. ఎరుపు.

"బూట్ పాలిష్ లాంటిదేదో పూసి..." అంటూ ఆయన రాసుకోసాగాడు.

"బూట్ పాలిష్ కాదండీ," అంది మా చెల్లెలు.

అందరం తిరిగి చూశాం. మా మరిది కళ్ళతోనే ఆగమన్నాడు. చెల్లెలు ఆగలేదు. చెంపలు కందిపోయాయి.

"అమ్మోనియా లేని రంగు. నా దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా మెత్తనిది. పిల్ల చర్మం మండకూడదని ముందు మోకాలి వెనక చుక్క వేసి ఒక రోజు చూశాను. చెవులకి దూదిపుల్లతో వేశాను. బూట్ పాలిష్ అట. నీళ్ళతో రుద్దారుగా, వచ్చిందా?"

"రాలేదమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పనితనంలో వంక లేదు. పేరు చెబుతారా, రాసుకుంటాను."

మా మరిది నోటి లోపలే ఏదో అన్నాడు. చెల్లెలు అతని వైపు తిరిగింది. "నువ్విచ్చిన ఫొటో చూసే వేశాను. పిల్ల ఫొటో ఇవ్వాలని నీకు తెలియదా? పదిహేనేళ్ళుగా గుర్రాలు అమ్ముతున్నావు."

"నోరు మూసుకుంటావా?"

"నువ్వు మొదట్లోనే మూసుకుని ఉంటే బాగుండేది. మొదటిరోజు నుంచీ బొగ్గులా ఉన్నాయట."

ఇన్‌స్పెక్టరు వాళ్ళని పట్టించుకోలేదు. నాలుగు ప్రతులు రాసి ముద్ర వేశాడు. ఒకటి అమ్మ చేతికిచ్చాడు. అమ్మ తీసుకోలేదు. బల్ల మీద పెట్టాడు. పదకొండు పిల్లల కాగితాల మీద అడ్డంగా ఎర్ర పెన్నుతో గీతలు గీశాడు. ఒక్కో గీతకీ నేను అక్కడే నిలబడ్డాను. అంతకన్నా ఏమీ చెయ్యలేను.

"ఏడాది పాటు," అని చదివాడు, "ఈ ఫారం నుంచి ఏ గుర్రమూ కొనడం గానీ, అమ్మడం గానీ, మరో ఫారానికి తరలించడం గానీ చెల్లదు."

మా మరిది తలెత్తాడు. "తరలించడమా? పాత ఒప్పందానికి కూడానా? బయానా తీసుకున్నాం సార్."

"గుర్రం గేటు దాటిందా?"

"దాటలేదు."

"అయితే చెల్లదు." అట్ట సంచిలో పెట్టుకున్నాడు. వెళ్ళేముందు నా దగ్గర ఆగాడు. "మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"అందుకే పెట్టారా?"

"రెండిటికీ పెట్టాను," అన్నాను. "మా మరిది నన్ను దొంగని చేసినందుకు కూడా."

ఆయన నవ్వలేదు. కారెక్కి వెళ్ళిపోయాడు.

లారీ ఒంటిగంటకి పది నిమిషాల ముందు గేటు దగ్గర హారన్ కొట్టింది. డ్రైవరు దిగి, వెనక తలుపు దించి, గడ్డి పరిచాడు. మంచివాడిలానే ఉన్నాడు. "గుర్రం ఏదమ్మా? బెదిరే రకమా?" అనడిగాడు.

మా మరిది ఫోన్ చెవికి పెట్టుకుని గోడ చాటున తిరుగుతున్నాడు. "అది కాదు సార్, వినండి సార్," అన్నది మాత్రం వినిపిస్తోంది. చెల్లెలు ఎప్పుడో కారెక్కి వెళ్ళిపోయింది. నేను ముద్ర వేసిన కాగితాన్ని డ్రైవరుకి చూపించాను. అతను రెండుసార్లు చదివాడు.

"అయితే ఖాళీగా వెళ్ళాలా?"

"ఖాళీగానే."

"మా అయ్యగారు నన్ను తిడతారమ్మా."

"ఆ ఫోన్‌లో ఉన్నది మీ అయ్యగారే. ఇప్పుడు ఇతన్ని తిడుతున్నారు," అని మా మరిదిని చూపించాను.

డ్రైవరు పరిచిన గడ్డి మళ్ళీ పోగు చెయ్యడం మొదలుపెట్టాడు. అమ్మ బల్ల మీద నుంచి లేచి, కర్ర పట్టుకుని నా దాకా వచ్చింది. దగ్గరగా వచ్చింది. నా ముఖంలోకి కాదు, నా వెనకనున్న మైదానంలోకి చూస్తూ మాట్లాడింది.

"పన్నెండు పిల్లలు."

"అవును."

"ఏడాది తర్వాత ఆ గుర్రాన్ని నేనే అమ్ముతాను. నీ సంతకం కోసం నీ కాళ్ళు పట్టుకోను. ఇంకో సంరక్షకుణ్ణి పెట్టుకుంటాను."

"పెట్టుకో. ఏడాది తర్వాత."

"అప్పటిదాకా నా గుమ్మం తొక్కకు."

"మేత డబ్బు ఎవరిస్తారు?"

"ఫారం ఇస్తుంది. నేనివ్వను." తిరిగి వెళ్ళిపోయింది. నాలుగడుగులు వేశాక, తల తిప్పకుండానే అంది, "ఆ పిల్ల కాలు కత్తిరించిన చోట ఈగలు వాలతాయి. మందు రాయి."

లారీ వెనక్కి తిరగడానికి గేటు ఇరుకైంది. డ్రైవరు మూడుసార్లు ముందుకీ వెనక్కీ తీశాడు. నేను కుడివైపు నిలబడి, రా, రా, ఆపు అంటూ చెయ్యి ఊపి, దాన్ని ఖాళీగా రోడ్డెక్కించాను. తర్వాత గేటు మూసి గొలుసు వేశాను.